రెయిజ్ వచ్చాక ఏది మేలు: ఆసు-జాకీనా, ఐదుల జతా, ఎనిమిది-ఏడా?

మా ఇంట్లో పోకర్‌కి డబ్బు పందెం లేదు. వామనగుంటల కోసం అమ్మమ్మ దాచిన డబ్బాలోంచి మనిషికి రెండొందల చింతపిక్కలు పంచుకుంటాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సినవి, ఒకటి, రెండు; రెండు పెట్టేది పెద్ద బ్లైండ్. రెయిజ్, అంటే దాన్ని పెంచడం, మామూలుగా ఆరు పిక్కలు. ఆ ఆరూ పెట్టి ఆటలో ఉండాలా, ముక్కలు పడేయాలా అన్న దగ్గరే మాలో సగం మంది డబ్బా ఖాళీ చేసుకుంటారు. చేతికొచ్చే రెండు ముక్కల్లో ఎప్పుడూ తకరారు వచ్చేవి మూడు రకాలు: గుర్తు కలవని ఆసు-జాకీ, ఐదుల జత, రెండూ ఇస్పేటే అయిన ఎనిమిది-ఏడు.

చూడగానే మనసు లాగేది ఆసు-జాకీ. నేను ఎక్కువ పోగొట్టుకున్నదీ దాంతోనే. ఓసారి బావ మొదటి సీటులోంచి ఆరు పెట్టాడు. నేనూ ఆరు పెట్టి కాల్ చేశాను, మిగతావాళ్లు తప్పుకున్నారు. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆసు, తొమ్మిది, నాలుగు. ఆసు పడింది కదా అని లోపల పండగ. బావ పది పెడితే నేనూ పది. తర్వాత నాలుగో ముక్కగా రెండు పడింది, బావ ఇరవై అయిదు పెట్టాడు. చివరి ముక్కగా ఆరు పడింది, ఈసారి అరవై. అన్నిటికీ సరే అన్నాను. బావ నెమ్మదిగా ఆసు, రాజు తిప్పి, “ఆసు చూస్తే ఆగలేవురా బామ్మర్దీ” అన్నాడు. ఒక్క ఆటలో నూటొక్క పిక్కలు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. వెనక ఐదుగురు ఇంకా ఆడాల్సి ఉండగా బావ రెయిజ్ చేశాడంటే పదుల నుంచి ఆసుల దాకా ఏదో జత, లేదా ఆసు-రాజు, ఆసు-రాణి ఉండాలి. ఒక ఆసు, ఒక జాకీ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆసుల జత మూడు రకాలుగా, జాకీల జత మూడు రకాలుగా రావచ్చు. రాజులు, రాణులు, పదులు తలా ఆరు. ఆసు-రాజు పన్నెండు, ఆసు-రాణి పన్నెండు. మొత్తం 48. అందులో నేను ఒక మాదిరి పోటీ ఇవ్వగలిగేది పదుల జతకే, అంటే ఆరింటికి. ఆసు-రాజు ఎదురైతే నేను గెలిచే వంతు నూటికి పాతిక, రాణుల జతైతే ముప్పై. నేను ఆరు కలిపితే పాట్ (మధ్యలో పోగైన పిక్కలు) పదిహేను అవుతుంది, అంటే కాల్ గిట్టాలంటే నూటికి నలభై కావాలి. ఎక్కడ నలభై, ఎక్కడ పాతిక! పైగా ఆసు పడితేనే నేను ఎక్కువ పెడతాను, అప్పుడే బావ కూడా పెడతాడు.

అదే రెయిజ్‌కి ఐదుల జత నయం. చాలామంది నా మీదకి లేస్తారు, చిన్న జత అని. ఫ్లాప్‌లో మూడో ఐదు దిగే అవకాశం ఎనిమిదిన్నరకి ఒకటి. దిగకపోతే ఆరు పిక్కలతో సరి, అనుమానం లేకుండా పడేయొచ్చు. దిగితే ఎదుటివాడి ఆసుల జత కూడా మనకి మేతే. కాకపోతే ఇద్దరి దగ్గరా పిక్కలు దండిగా ఉండాలి. ఆరుకి కనీసం పదిహేను రెట్లు, అంటే తొంభై మిగలాలని నా లెక్క, ఎందుకంటే మూడు ఐదులు దిగిన ప్రతిసారీ అవతలివాడు డబ్బా మొత్తం సమర్పించుకోడు. ముప్పై పిక్కలే మిగిలినవాడు ఐదుల జతతో ఆరు కాల్ చేస్తే అది దానమే.

ఇస్పేటు ఎనిమిది-ఏడు గురించి జనం అనుకునేంత లేదు. ఫ్లాప్‌లోనే ఫ్లష్ (అయిదు ముక్కలూ ఒకే గుర్తు) అయిపోవడం నూటికి ఒక్కసారి కూడా జరగదు. ఇంకొక్క ఇస్పేటు కావాల్సిన స్థితి తొమ్మిదింటికి ఒకసారి వస్తుంది. చివరగా మాట్లాడే సీటు, అంటే బటన్ మీద ఉంటే ఆడతాను. పెద్ద బ్లైండ్‌లో రెండు ముందే పెట్టేశాం కాబట్టి ఇంకో నాలుగు చాలు, నూటికి 31 వస్తే గిట్టుతుంది. మధ్య సీట్లలో అయితే పడేస్తాను. వెనక నుంచి ఎవడో మళ్లీ పెంచితే ఆ ఆరూ గంగలో కలిసినట్టే.

రమ్మీ ఆడేవాళ్లకి ఇదంతా కొత్త కాదు. మొదట్లోనే ముక్కలు దించేస్తే (ఫస్ట్ డ్రాప్) పోయేది 20 పాయింట్లు, మధ్యలో దించితే (మిడిల్ డ్రాప్) 40, చివరిదాకా ఉండి ఓడితే (ఫుల్ కౌంట్) 80 దాకా. జోకర్ లేని పదమూడు ముక్కల్ని మొదట్లోనే దించేసేవాళ్లు కూడా పోకర్‌లో ఆసు కనిపిస్తే మాత్రం దించరు. అదేం మాయో.

రెయిజ్ బటన్ మీద నుంచి వస్తే వరస తిరగబడుతుంది. ఆ సీటులో మా మరదలు దాదాపు సగం ముక్కలతో పెంచుతుంది: రాజు-తొమ్మిది, ఆసు-నాలుగు, ఏదైనా సరే. అప్పుడు పెద్ద బ్లైండ్‌లో ఆసు-జాకీ ఉంటే మూడింట్లో అదే మేలు, ఊరికే కాల్ చేయడం కంటే ఇరవై నాలుగుకి పెంచడమే నాకిష్టం. మన చేతిలో ఆసు ఉంటే ఆమెకి ఆసుల జత వచ్చే దారులు ఆరు నుంచి మూడుకి తగ్గుతాయి. పిక్కలు ఇరవై, ముప్పై మాత్రమే మిగిలితే మొత్తం తోసేస్తాను.

మొన్న బావ మళ్లీ మొదటి సీటులోంచి ఆరు పెట్టాడు. నాకు ఆసు, జాకీ వచ్చాయి. పడేశాను. ఏమున్నాయో చూపించమంటే ఆరు పిక్కలిస్తే చూపిస్తానన్నాడు.