మూడు వర్క్‌షాపులు తిరిగొచ్చాకే పూల్ క్యూకి అడ్వాన్స్ కట్టాను

ఒకసారి దెబ్బ తిన్నాను. మూడేళ్ళ కిందట పూల్ ఆడే కర్ర, అదే క్యూ, చేయించుకోవడానికి ఒక వర్క్‌షాపుతో ఫోన్‌లో మాట్లాడుకుని, కొలతలు చెప్పి, సగం డబ్బు ముందే పంపేశాను. ఆరు నెలల్లో ఇస్తామన్నారు. ఆరు నెలలయ్యాక అడిగితే ఇంకో నెల, ఆ నెల పోయాక మరో నెల. ఏ కలప వేస్తారు, ఎప్పటికిస్తారు, ఇవ్వకపోతే నా డబ్బు సంగతేంటి అన్నది ఎక్కడా రాసుకోలేదు. చివరికి కట్టినదాంట్లో సగం తిరిగొచ్చింది. క్యూ మాత్రం రాలేదు. అందుకే ఈసారి వారం రోజులు సెలవు పెట్టి, మూడు చోట్లకీ నేనే వెళ్ళాను.

మొదటిది పెద్ద వర్క్‌షాపు. లోపలికి వెళ్ళగానే పూల్ టేబుల్, పక్కనే స్టాండులో పది పన్నెండు శాంపిల్ క్యూలు. ఎంతసేపైనా ఆడుకోమన్నారు. క్యూ రెండు ముక్కల్ని మరతో బిగించే చోటు జాయింట్ (అంకెలు మర సైజులు): 5/16-14 స్టీల్ జాయింట్‌కీ, చెక్కకి చెక్క ఆనే 3/8-10 జాయింట్‌కీ చేతికి తెలిసే తేడా ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. ఒక్క మాట: ప్రయాణం చేసి దిగిన రోజున మాత్రం క్యూ పరీక్షించకండి. మొదటి రోజు 19 ఔన్సులది నాకు బరువనిపించింది, మర్నాడు పొద్దున అదే సరిగ్గా కుదిరింది. రెండు రోజులు చేతిలో పెట్టుకుని, నడిచి వెళ్ళేంత దూరంలో గది తీసుకోవడం మంచిది.

అక్కడ పేరు రాయించుకున్న రోజే 50 శాతం కట్టాలి. క్యూ రావడానికి ఎనిమిది నెలలు. "నా కలప ఇప్పుడే పక్కన పెడతారా?" అని అడిగాను. లేదు, వంతు వచ్చాకే కొంటామన్నారు. అంటే నా డబ్బు నా క్యూ మీద కాదు, నా ముందున్న వాళ్ళ క్యూల మీద ఖర్చవుతుంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు, మనుషులు మర్యాదస్తులే. కానీ ఎక్కడో ఒక్కచోట పని ఆగితే చివర్లో ఉన్నవాడే మునుగుతాడు. ఆ చివర్లో ఒకసారి నిలబడ్డవాణ్ణి నేను.

రెండోచోట ఒక్క పెద్దాయనే పని చేస్తారు. ఆడి చూడ్డానికి టేబుల్ లేదు, దగ్గర్లో దిగడానికి లాడ్జి లేదు, పొద్దున రెండు గంటలు తప్ప ఆయన ఎవరితోనూ మాట్లాడరు. అడ్వాన్స్ కూడా లేదు. నోట్‌బుక్‌లో పేరు రాసుకుంటారు, రెండున్నరేళ్ళకు వంతు వస్తుంది, అప్పుడు పిలిచి మూడో వంతు కట్టమంటారు. "తొందరుంటే నా దగ్గర వద్దు బాబూ" అని ముందే చెప్పేశారు.

ఈ యాత్రలో నేను నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే. గోడ పొడవునా మేపుల్ షాఫ్టులు, అంటే క్యూ ముందు వైపు సన్నటి ముక్కలు, నిలువుగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాని మీద పెన్సిల్‌తో వరసగా తేదీలు. ఒకటి కిందికి దించి చూపించారు: నాలుగు తేదీలు, ఇంకా బొటనవేలంత లావుంది. లేత్ మీద ఒక పల్చటి పొర తీసి, వారాల తరబడి వేలాడదీస్తారు. లోపలి బిగువు సడలి కలప ఎటు వంగాలనుకుంటే అటు వంగుతుంది. నిలబడితే ఇంకో పొర తీస్తారు, వంగితే పక్కన పడేస్తారు. అలా తీసుకుంటూ పోయి టిప్, అంటే బంతిని తాకే కొస, దగ్గర 13 మిల్లీమీటర్లకు తెస్తారు. మరొకటి తీసి గాజు పలక మీద దొర్లించారు. కింద నుంచి సన్నటి వెలుతురు గీత కనబడి మాయమైంది. దాన్ని చెత్తబుట్టలో వేసేశారు. దాని మీద ఐదు తేదీలున్నాయి.

ఎదురుచూపులు రెండు రకాలని నాకు అప్పుడు తెలిసింది. ఒకటి మన వంతు కోసం, రెండోది కలప కోసం. రెండోదాన్ని తగ్గిస్తామని ఎవరైనా చెబితే నాకిప్పుడు భయం. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ రెండూ విడివిడిగా ఎన్ని నెలలో అడగండి.

బట్‌కి, అంటే చేత్తో పట్టుకునే వెనక ముక్కకి, కోసిన బ్లాంక్ (ఇంకా చెక్కి పూర్తి చేయని ముడి ముక్క) ఎవరిదని కూడా అడగాలి. బయటి నుంచి తెచ్చుకోవడం తప్పేం కాదు. 1959 నుంచి 1975లో పోయేదాకా క్యూలు చేసిన జార్జ్ బలబుష్కా కూడా బ్రన్స్‌విక్ కంపెనీ వాళ్ళ టైటిలిస్ట్ బ్లాంకులు వాడారు. కానీ బయటి నుంచి వచ్చేదైతే ఆ ఆలస్యం కూడా మన లెక్కలోకి వస్తుంది. క్యూ దేశం దాటి రావాలంటే కలప పేరు ముందే తేల్చుకోండి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ (అంతరించిపోయే జీవుల, మొక్కల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా కదలదు. ఏనుగు దంతం ఫెర్రూల్ (టిప్ కింద ఉండే చిన్న తొడుగు) జోలికి అసలు పోవద్దు.

మూడోచోట ఇద్దరు అన్నదమ్ములు. పేరు నమోదుకి చిన్న మొత్తం, కలప కోసేదాకా ఎప్పుడడిగినా తిరిగిచ్చేస్తారు. బట్ కలప మనకు చూపించి, కోసే రోజున సగం. పూర్తయ్యాక బరువు, ఫొటోలు పంపి మిగతాది. మొత్తం పద్నాలుగు నెలలు, అందులో ఆరు కలపకే. ఇదంతా ఒక పేజీలో రాసి, ఆలస్యమైతే ఏం చేస్తారో కూడా చేర్చి సంతకం పెట్టారు. మేడ మీద కస్టమర్లకు ఒక గది ఉంది. మంచం, ఫ్యాను, అంతే. కానీ కింద టేబుల్ రాత్రి దాకా మనదే. రెండు రాత్రులు ఆడాక బ్యాలెన్స్ పాయింట్ అర అంగుళం వెనక్కి మార్పించుకున్నాను. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చి ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అడ్వాన్స్ ఎంత అన్నదానికన్నా ఏ రోజున కట్టమంటున్నారన్నది చూసి అక్కడే ఇచ్చాను. అసలు అడ్వాన్సే అడగని పెద్దాయన నోట్‌బుక్‌లోనూ నా పేరు రాయించి వచ్చాను.

మొన్న తమ్ముడాయన ఫొటో పంపారు. నా షాఫ్ట్ మీద మూడో తేదీ పడింది.