కోళ్ల రెట్టలో సాల్మొనెల్లా: ఆర్‌వీఎస్ ట్యూబా, ఎంఎస్‌ఆర్‌వీ ప్లేటా?

కోళ్ల రెట్టలో సాల్మొనెల్లా అనే జబ్బు బ్యాక్టీరియా ఉందో లేదో చూడడానికి, దాన్ని పెంచే మీడియాలు రెండున్నాయి: ట్యూబులో పోసే ద్రవం ఆర్‌వీఎస్, ప్లేటులో పోసే జెల్లీలాంటి అగర్ ఎంఎస్‌ఆర్‌వీ. వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల ఫారాల రెట్టకు మొదటి మెట్టు రెండింటిలోనూ ఒకటే: 25 గ్రాములు 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ వాటర్ (బ్యాక్టీరియా కోలుకుని పెరిగే ద్రవం)లో, 37 డిగ్రీల దగ్గర 18 గంటలు.

ఆర్‌వీఎస్‌కైతే అందులోంచి 0.1 మి.లీ. తీసి 10 మి.లీ. ట్యూబులో వేసి, 41.5 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాలి. పని తేలిక. కాకపోతే రెట్టలో వేరే బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. తర్వాత ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (సాల్మొనెల్లా మామూలుగా నల్లబొట్టుతో ఎర్రగా కనిపించే అగర్) మీద పసుపు కాలనీలు పరుచుకుని అసలుదాన్ని కప్పేస్తాయి.

ఎంఎస్‌ఆర్‌వీ మెత్తటి అగర్. అదే 0.1 మి.లీ.ని మూడు చుక్కలుగా పెట్టి, అదే వేడిలో ఉంచితే సాల్మొనెల్లా చుక్క దాటి పాకుతుంది, చుట్టూ తెల్లటి మసక వలయం వస్తుంది. లూప్‌ను (బ్యాక్టీరియాను తీసే చిన్న తీగ ఉంగరాన్ని) వలయం అంచుకే తాకించండి, మధ్యలో మిగతావి కలిసి ఉంటాయి. వలయం రాకపోతే ఇంకో 24 గంటలు ఆగాలి. ప్లేటు తిరగేస్తే అగర్ జారిపోతుంది. పైన తడి ఉంటే చుక్క దానంతటదే పారి మోసం చేస్తుంది. ఈ మీడియాను ఆటోక్లేవ్ చేయకూడదు. మరిగించి, 50 డిగ్రీలకు చల్లారాకే నోవోబయోసిన్ (వేరే బ్యాక్టీరియాను అణిచే యాంటీబయాటిక్) కలపాలి.

రెట్టకు మా ఓటు ఎంఎస్‌ఆర్‌వీకే. సాల్మొనెల్లా పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6579-1 (2017) కూడా అదే చెబుతుంది. చచ్చిన కోడిపిల్లల విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. సాల్మొనెల్లాలోనే పుల్లోరం, గల్లినారం అనే రకాలు కదలలేవు, వలయమే రాదు. వాటికి కాలేయం, ప్లీహం నుంచి నేరుగా మెకాంకీ ప్లేటు (పేగు బ్యాక్టీరియాను పెంచే అగర్) మీద గీయండి, పక్కనే ద్రవ మీడియా కూడా పెట్టండి. ఎక్స్‌ఎల్‌డీ మీద పుల్లోరం నల్లబొట్టు లేకుండా ఎర్రగా రావచ్చు, పారేయకండి.