టీ-55 మోడళ్ల పనిలో డిజిటల్ క్యాలిపర్: మూడేళ్ల వాడకం తర్వాత

చెన్నైలో మూడేళ్లుగా 1/35 స్కేలు (అసలు సైజులో 35వ వంతు) టీ-54, టీ-55 సోవియట్ ట్యాంకుల మోడళ్లకు వాడుతున్న 150 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ క్యాలిపర్ ఇది, అంటే దవడల మధ్య పట్టి కొలిచే పరికరం. ట్యాంకు ఏ రకమో తేల్చే పనిలో దీన్ని ఎక్కడిదాకా నమ్మవచ్చో చెప్తాను.

తెర మీద 0.01 మి.మీ. దాకా అంకెలు కనిపిస్తాయి. మోడల్ మీద 0.1 అంటే అసలు ట్యాంకు మీద 3.5 మి.మీ., కాబట్టి రెండో దశాంశాన్ని వదిలేయండి. టీ-55 రోడ్డు చక్రం 810 మి.మీ., మోడల్లో 23.1 రావాలి. ట్రాక్ వెడల్పు 580, అంటే 16.6. కిట్ పెట్టె తెరవగానే ఈ రెండూ కొలవండి.

దీని అసలు విలువ ఫోటోల దగ్గర తెలుస్తుంది. అచ్చు తీసిన ఫోటోలో చక్రం ఎత్తు 18 మి.మీ. ఉంటే, ఒక్కో మి.మీ. అసలు ట్యాంకు మీద 45. ట్యాంకు కాస్త పక్కకు తిరిగి ఉంటే చక్రం అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువు కొలత మాత్రం నిలుస్తుంది. అందుకే ఎప్పుడూ నిలువునే కొలవాలి. చాలామంది దెబ్బతినేది ఫిరంగి దగ్గర. అది చక్రాల వరసకు సుమారు 1.3 మీటర్లు లోపల, ట్యాంకు నడుమ ఉంటుంది. పక్క నుంచి 10 మీటర్ల దూరంలో తీసిన ఫోటోలో అదే లెక్క కడితే గొట్టం దాదాపు 12 శాతం పొట్టిగా తేలుతుంది. 30 మీటర్ల నుంచి జూమ్ చేసి తీసిన ఫోటో అయితే తేడా 4 శాతమే.

మన సైన్యం టీ-55లకు తర్వాత 105 మి.మీ. బ్రిటిష్ ఎల్7 ఫిరంగి బిగించారు. ఆవడిలో తయారైన విజయంత ట్యాంకుదీ ఆ జాతి ఫిరంగే. పాత 100 మి.మీ. గొట్టం నిడివి 53.5 క్యాలిబర్లు (గొట్టం లోపలి వ్యాసానికి అన్ని రెట్లు), ఎల్7ది 52. మోడల్లో 153, 156 మి.మీ. అన్నమాట. ఆ 3 మి.మీ. తేడాను ఫోటోలో పట్టలేం, పైగా రెండూ ఈ క్యాలిపర్‌కే అందవు, స్టీల్ స్కేలు పట్టాల్సిందే. గుర్తు వేరే చోట ఉంది. గొట్టంలోని పొగను బయటకు లాగేసే ఉబ్బు టీ-55 పాత ఫిరంగికి మూతి దగ్గర, ఎల్7కి గొట్టం మధ్యలో ఉంటుంది. అలాగే టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) పైన, గుండ్లు నింపే లోడర్ మూతకు ముందు గోపురం లాంటి వెంటిలేటర్ కనిపిస్తే ఆ ట్యాంకు టీ-54. టీ-55కి ఆ గోపురం ఉండదు. ఇలాంటివి ముందు కంటితో తేల్చుకుని, ఆ తర్వాతే క్యాలిపర్ తీయండి. గద్దె మీద నిలబెట్టిన ట్యాంకులకు చక్రాలు, పెట్టెలు మారిపోయి ఉండొచ్చు, ఒక్కదాన్నే ఆధారం చేసుకోకండి.

లోపాలూ ఉన్నాయి. లోపలి దవడల కొనలు చదునుగా ఉండటం వల్ల చిన్న రంధ్రాన్ని తక్కువగా చూపిస్తాయి. ఎల్7 మూతి సరిగ్గా 3 మి.మీ. రావాలి, దానికి 3 మి.మీ. డ్రిల్ బిట్ వెనక కొస దూర్చి చూడటం మేలు. ప్లాస్టిక్ మెత్తన కాబట్టి దవడలు గట్టిగా నొక్కితే గాటు పడుతుంది, కొలతా తగ్గుతుంది. స్విచ్ ఆపినా సెల్లు కరిగిపోతూనే ఉంటుంది, పని అయ్యాక తీసేయండి. బటన్ సెల్లుల్లో ఎల్ఆర్44 కంటే ఎస్ఆర్44 రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇక్కడి ఉప్పుగాలికి, చేతి చెమటకు స్టెయిన్‌లెస్ మీద కూడా మరకలు లేస్తాయి. గుడ్డతో తుడిచి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాస్తే చాలు.

ప్లాస్టిక్ దవడల క్యాలిపర్ చవకే గానీ నొక్కితే వంగుతుంది. ఈ పనికి కొనకండి.