రెండు 811ఏ ట్యూబుల లీనియర్: ఆరేళ్లు వాడాక

మలక్‌పేటలో మా మేడమీద గదిలో ఆరేళ్లుగా నడుస్తున్న లీనియర్ ఇది, అంటే రేడియో సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్. కంపెనీ సరుకు కాదు, ఒక పాత హ్యామ్ (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్) స్వయంగా కట్టుకున్నది. రెండు 811ఏ ట్యూబులు, గ్రౌండెడ్ గ్రిడ్ (ట్యూబు నడుమ ఉండే జాలీని ఛాసిస్‌కి కలిపేయడం), ఔట్‌పుట్ ఇచ్చే ప్లేట్ మీద 1,400 వోల్టులు. రిగ్ (రేడియో సెట్టు) నుంచి 40 వాట్ల డ్రైవ్ ఇస్తే 300 చిల్లర బయటికి వస్తాయి. 40 మీటర్ల బ్యాండ్‌లో పొద్దుటి నెట్‌కి (హ్యామ్‌లంతా కలిసి మాట్లాడుకునే వేళ) ఇంతకంటే ఏం కావాలి!

చిక్కంతా 10 మీటర్లతోనే వచ్చింది. రెండో ఏడు వానాకాలం, రాత్రి 28 మెగాహెర్ట్జ్‌లో ఉన్నాను. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కాను, ఇంకా మాట కూడా మొదలుపెట్టలేదు. గ్రిడ్ మీటర్ ముల్లు ఎగిరి చివరికి తగిలింది. లోపల టప్‌మంది, ఫ్యూజు పోయింది. చల్లారాక కొలిస్తే ఒక ట్యూబులో గ్రిడ్‌కీ ఫిలమెంట్‌కీ (వేడెక్కే తీగ) మధ్య సున్నా ఓమ్‌లు, అంటే రెండూ షార్ట్. ట్యూబే నాసిరకమనుకుని కొత్త జత వేశాను. నాలుగు నెలలకు మళ్లీ అదే. ఎంతో ముచ్చటపడి తెప్పించుకున్న ట్యూబులు, చాలా బాధేసింది.

సికింద్రాబాద్‌లో నాకు మోర్స్ నేర్పిన పెద్దాయనకు ఫోన్ చేశాను. "ట్యూబును తిట్టకు నాయనా, ముందు దాని నెత్తిమీది ప్లేట్ క్యాప్ దగ్గర రెసిస్టర్ కొలిచి చూడు" అన్నారు.

ప్లగ్ పీకి, ఫిల్టర్ కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి మూత తీశాను. ఈ పనిలో తొందరపడితే ప్రాణాలు పోతాయి. ఒక్కో ప్లేట్ తీగలో మూడు చుట్ల కాయిల్, దాని నడుమ 47 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్. రంగు పట్టీలు మాడి అన్నీ ఒకే గోధుమరంగు. విప్పి కొలిస్తే ఒకటి 190 చూపించింది, రెండోది పూర్తిగా తెగిపోయింది.

811ఏలో గ్రిడ్ నుంచి పిన్ దాకా తీగ పొడుగు. 7 మెగాహెర్ట్జ్‌లో అది ఛాసిస్‌కి అతికినట్టే ఉంటుంది. వీహెచ్ఎఫ్‌కి (30 మెగాహెర్ట్జ్ పైన) వెళ్తే ఆ తీగే కాయిల్ అయి కూర్చుంటుంది. ప్లేట్ తీగా, ట్యూబు కెపాసిటెన్సూ కలిసి అక్కడే ఇంకో ట్యూన్డ్ సర్క్యూట్ అవుతాయి. ఇక డ్రైవ్ లేకపోయినా ఆసిలేషన్, అంటే తనంతట తానే సిగ్నల్, పుట్టగలదు. దాన్ని పుట్టకముందే మింగేయడం ఆ రెసిస్టర్ పని. అది చచ్చిపోయాక ట్యూబుకి దిక్కెవరు?

కోఠి గుజరాతీ గల్లీలో 100 ఓమ్‌ల, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు కొని కాయిల్‌కి రెండేసి ప్యారలల్‌గా వేశాను. షాపులో వైర్‌వౌండ్ ఇవ్వబోతే వద్దన్నాను, అదే ఒక కాయిల్ కాబట్టి. సాకెట్ దగ్గర గ్రిడ్ పిన్ నుంచి ఛాసిస్‌కి వేలెడు వెడల్పు రాగిరేకు అతికించాను. 1,400 వోల్టుల హెచ్‌టీ లైన్లో మాత్రం 10 ఓమ్‌ల వైర్‌వౌండ్ పెట్టాను, లోపల ఆర్క్ వచ్చినా కెపాసిటర్లలోని కరెంటంతా ఒక్కసారే ట్యూబు మీద పడకుండా.

తర్వాత మళ్లీ కొత్త జత వేసి, డ్రైవ్ ఇవ్వకుండా పీటీటీ నొక్కి, ప్రతి బ్యాండ్‌లోనూ ట్యూన్, లోడ్ నాబ్‌లు ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాను. గ్రిడ్ ముల్లు సున్నా మీంచి కదల్లేదు. ఆ నిమిషం పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఫ్యాన్ మోత ఎక్కువే. మా వీధిలో రాత్రి మెయిన్స్ 250కి చేరితే ఫిలమెంట్ 6.3 బదులు 6.8 వోల్టులు తాగుతుంది, అందుకే వేరియాక్ (వోల్టేజీ సర్దే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టాల్సి వచ్చింది. అయినా అమ్మను. సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటిది కొనేవాళ్లు ట్యూబుల మెరుపు చూసి బేరమాడకండి, ఆ రెసిస్టర్లు కొలవనిస్తేనే డబ్బు తీయండి.

మూడేళ్లు దాటింది, అదే జత నడుస్తోంది. ఏటా ఉగాది సెలవు రోజు కాయిల్ ఒక చివర విప్పి కొలుస్తాను. ఈసారి ఒకటి 51, ఇంకోటి 52.