ట్రక్ స్కూల్‌కు ఫీజు కట్టేముందు చదవండి: "గ్యాప్ ఉన్నా పర్లేదు" అన్న మాటకు నేను కట్టిన ధర

డాలస్ చుట్టుపక్కల సీడీఎల్ (ట్రక్కుల్లాంటి పెద్ద బండ్లు నడిపే కమర్షియల్ లైసెన్స్) కోర్సు అమ్ముతున్న ఒక ట్రక్ స్కూల్ గురించి రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు పెట్టడం లేదు. ఫీజు 5,500 డాలర్లు. లైసెన్స్ అయితే వచ్చింది. యార్డులో ట్రైలర్ వెనక్కి తీయడం నేర్పిన మాస్టారు చాలా ఓపికమంతుడు, ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. గొడవంతా సీటు అంటగట్టేటప్పుడు చెప్పిన మాటల దగ్గరే.

నాకు గ్రీన్ కార్డు ఉంది. పనిచేస్తున్న మోటెల్ చేతులు మారి ఉద్యోగం పోయింది. అంతలో నాన్నకు పక్షవాతం వస్తే రాజమండ్రి వెళ్ళి కొన్ని నెలలు దగ్గరున్నాను. తిరిగొచ్చాక తెలిసినవాళ్ళ ఇండియన్ గ్రోసరీలో, జీతం లెక్కల్లో చూపకుండా చేతికి క్యాష్ తీసుకుంటూ పనిచేశాను. అంటే కాగితాల లెక్కన ఏడాదిన్నర ఖాళీ. స్కూల్ తరఫున సీట్లు నింపే తెలుగు ఏజెంటు ఒకాయన ఉన్నాడు. ఈ ఖాళీ ఉద్యోగానికి అడ్డమవుతుందా అనే నేను ఆయన్ని మొదట అడిగాను. "అన్నా, డ్రైవర్లు దొరక్క కంపెనీలు ఏడుస్తుంటే మీ గ్యాప్ ఎవడు చూస్తాడు? టెన్షన్ పడకండి, ప్రీ-హైర్ లెటర్లు ముందే తెప్పిస్తా" అన్నాడు. అన్నట్టే తెప్పించాడు కూడా.

కోర్సు కాకముందే ట్రక్ కంపెనీలు షరతుల మీద ఇచ్చే ఈ ప్రీ-హైర్ లెటర్ దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా పడిపోతున్నారు. పైన కంపెనీ లోగో, మధ్యలో మన పేరు, చూడగానే ఉద్యోగం వచ్చేసినట్టే ఉంటుంది. కింద షరతులు చదవండి. కోర్సు పూర్తిచేయాలి, డీఓటీ మెడికల్ (డ్రైవర్లకు రవాణా శాఖ పెట్టిన ఆరోగ్య పరీక్ష), డ్రగ్ టెస్ట్ పాసవ్వాలి, ఆపైన బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో నెగ్గాలి. నాకు ఆ లెటర్లు వచ్చేనాటికి నా పాత ఉద్యోగాల గురించి ఎవరూ ఒక్క ఫోన్ కూడా చేయలేదు. అసలు పరిశీలన లైసెన్స్ చేతికొచ్చాకే మొదలైంది. అప్పటికి ఫీజు వాపసు అడిగే గడువు ఎప్పుడో దాటిపోయింది.

గ్యాప్ ఉన్నవాడు ట్రక్ నడపకూడదని ఫెడరల్ రూల్స్‌లో ఎక్కడా లేదు. గత 3 ఏళ్ళలో పనిచేసిన చోట్లన్నీ అప్లికేషన్‌లో రాయాలి. దానికి ముందు 7 ఏళ్ళలో కమర్షియల్ బండి నడిపిన ఉద్యోగాలుంటే అవి కూడా రాయాలి. కానీ చాలా కంపెనీలు దీంతో ఆగవు. నెల దాటిన ప్రతి ఖాళీకీ కారణం అడుగుతాయి, దానికో కాగితం కూడా అడుగుతాయి. ఒక కంపెనీ ఒప్పుకున్న గ్యాప్‌ను ఇంకో కంపెనీ ఒప్పుకోదు. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ అయినప్పుడు "పర్లేదు" అనడానికి స్కూల్ ఎవరు?

విచిత్రం ఏమిటంటే ఇండియాలో ఉన్న నెలలు నాకు సమస్యే కాలేదు. పాస్‌పోర్టు స్టాంపులు, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ పంపితే సరిపోయింది. ఇరుక్కున్నది గ్రోసరీ దగ్గర. పే స్టబ్ (జీతం చీటీ) లేదు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం మీద యజమాని ఇచ్చే టాక్స్ కాగితం) లేదు. కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే "అవును, మా దగ్గర చేశాడు" అనడానికి ఓనరు భయపడ్డాడు. గ్యాస్ స్టేషన్లలో, మోటెళ్ళలో క్యాష్ మీద చేస్తున్నవాళ్ళందరూ ఇది గుర్తుపెట్టుకోండి. రోజుకు పన్నెండు గంటలు నిలబడినా కాగితం మీద మీరు ఖాళీగా ఉన్నట్టే.

అప్పుడు ఆ ఏజెంటు నోట బయటపడింది అసలు బేరం. ఇంకో 600 డాలర్లిస్తే "ఎంప్లాయ్‌మెంట్ ప్యాకేజీ" ఇస్తారట. ఏదో వేర్‌హౌస్ పేరు మీద లెటరు, కంపెనీ ఫోన్ చేస్తే మాట్లాడటానికి ఒక మనిషి. అమీర్‌పేటలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ దందా చూసినవాళ్ళకు ఇదేం కొత్త కాదు. కానీ ఇక్కడ అప్లికేషన్ చివర, రాసిందంతా నిజమని సంతకం పెడతాం. అబద్ధమైతే అది ఫెడరల్ రూల్ ఉల్లంఘనే. దొరికితే ఉద్యోగం పోతుంది. ఎందుకు తీసేశారో డీఏసీ రిపోర్టుకు (డ్రైవర్ల పాత ఉద్యోగాల చిట్టాకు) ఎక్కితే తర్వాతి కంపెనీ కూడా చూస్తుంది. రేపు యాక్సిడెంట్ అయి కేసు పడితే అవతలి లాయరు కంపెనీ దగ్గరుండే మన డ్రైవర్ క్వాలిఫికేషన్ ఫైలు తెప్పిస్తాడు, అందులో ఆ దొంగ లెటరు ఉంటుంది. నాకు వద్దన్నాను. ఆ రోజు నుంచి ఆ పెద్దమనిషి నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

చివరికి నన్ను బయటపడేసింది టాక్స్ రిటర్న్. ఆ గ్రోసరీ డబ్బును సొంత పని (సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్) ఆదాయంగా చూపించి ఫైల్ చేసి ఉన్నాను. ఒక చిన్న కంపెనీ దాన్నే ఆధారంగా తీసుకుంది. స్కూల్ వాళ్ళు ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చు, కానీ చెబితే 600 ఎలా వస్తుంది? పైగా "హిస్టరీ రిపోర్ట్ ఫీజు" అంటూ విడిగా కొంత గుంజారు. ఐఆర్ఎస్ (టాక్స్ శాఖ) వెబ్‌సైట్‌లో వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్ట్ (మన పేరు మీద నమోదైన జీతం, ఆదాయం వివరాలు) పదేళ్ళ దాకా ఉచితంగా వస్తుంది. డీఏసీ రిపోర్టు మీ పేరు మీద ఉంటే ఏడాదికోసారి అదీ ఉచితమే.

కాబట్టి ఫీజు కట్టకముందే మీకు నచ్చిన కంపెనీల రిక్రూటింగ్ డిపార్ట్‌మెంట్‌కు మీరే ఫోన్ చేయండి. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఖాళీ ఉంది, నా దగ్గరున్న కాగితాలివి, తీసుకుంటారా అని అడగండి. ఆ స్కూల్ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో కూడా అడగండి. జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

"మేం ఫెడరల్ రిజిస్ట్రీలో (సీడీఎల్ శిక్షణ ఇచ్చేవాళ్ళ ప్రభుత్వ జాబితాలో) ఉన్నాం" అని స్కూల్ వాళ్ళు అన్నా మురిసిపోకండి. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా సీడీఎల్ తీసుకునేవాళ్ళకు రిజిస్ట్రీలో ఉన్న చోటే శిక్షణ తప్పనిసరి. అయితే అర్హత ఉందని స్కూళ్ళు తమకు తామే చెప్పుకుని అందులో చేరతాయి. స్టీరింగ్ మీద ఇన్ని గంటలు నేర్పాలని ఫెడరల్ లెక్క కూడా లేదు. ఆటోమేటిక్ బండి మీద టెస్ట్ ఇప్పిస్తే లైసెన్స్ మీద ఆటోమేటిక్ మాత్రమే నడపాలన్న ఆంక్ష పడుతుంది, అదీ అడిగి తెలుసుకోండి. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్య/భర్తకు ఇచ్చే పని అనుమతి) లాంటి వాటి మీద ఉన్నవాళ్ళకు 2025 సెప్టెంబరు నుంచి రూల్స్ బిగిస్తున్నారు. మీ రాష్ట్రం సీడీఎల్ ఇస్తుందో లేదో తేల్చుకోకుండా రూపాయి కట్టొద్దు.

లేఆఫ్ అయినవాళ్ళు ముందు దగ్గర్లోని అమెరికన్ జాబ్ సెంటర్‌కు (ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి) వెళ్ళండి. అర్హత ఉంటే సీడీఎల్ ఫీజు ప్రభుత్వ గ్రాంటు మీదే కట్టే వీలుంది. ఈ సంగతి కూడా నాకు ఆ స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికే కట్టేసి ఉంటే అగ్రిమెంట్‌లో రద్దు, వాపసు గడువులు ఈరోజే చూడండి. టెక్సస్‌లో ఫిర్యాదు టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు ఇవ్వాలి. క్రెడిట్ కార్డు మీద కట్టినవాళ్ళు బ్యాంకులో డిస్ప్యూట్ కూడా వేయొచ్చు. ఏజెంటు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయకండి. నా ఫిర్యాదుకు జత చేసిన వాటిలో గట్టి ఆధారం అవే.