స్లీవ్ సర్జరీ ప్యాకేజీ, 3 లక్షల 40 వేలు: నా రేటింగ్ ఐదుకి ఒకటి

స్లీవ్ అంటే బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే ఆపరేషన్. హాస్పిటల్ పేరు రాయడం లేదు. కేసు నడుస్తోంది, పేర్లు పెట్టొద్దని మా లాయర్ గారు గట్టిగా చెప్పారు. హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగ్, కింద కాఫీ షాపు. అలాంటివి బోలెడు ఉన్నాయి, ఊహించే పని పెట్టుకోకండి.

నేను ఖమ్మం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 112 కిలోలు. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 45కి కొంచెం తక్కువ. షుగర్ ఉంది, మోకాళ్లు అరిగాయి. మెట్లెక్కి ఎనిమిదో తరగతికి వెళితే హాజరు పిలవడానికి ఊపిరి అందేది కాదు. అందం కోసం చేయించుకుందని మా ఆడపడుచు అంటుంది, అననివ్వండి.

ముందు బాగున్నవి చెప్తాను. రూమ్ శుభ్రంగా ఉంది. క్యాంటీన్ ఇడ్లీ బాగుందని మా ఆయన ఇప్పటికీ అంటారు (నాకు మంచినీళ్లు కూడా స్పూన్‌తోనే!). సర్జన్ గారి చేతి పనిని కూడా నేను తప్పు పట్టడం లేదు. ఇది ఎందుకు అంటున్నానో కింద తెలుస్తుంది.

నాతో ఎక్కువసేపు మాట్లాడింది డాక్టర్ కాదు, కౌన్సెలర్ అమ్మాయి. తర్వాత తెలిసింది, ఆమె మార్కెటింగ్ స్టాఫ్. "కీహోల్ అండి, మూడో రోజు ఇంటికెళ్లిపోతారు" అని ఫోన్లో ఫొటోలు చూపించింది, ఈఎంఐ లెక్క వేసి ఇచ్చింది. నా హెల్త్ కార్డు అక్కడ చెల్లదన్నారు. పీఎఫ్ లోన్ పెట్టి కట్టాం. జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారని, మిగిలినదాన్ని అరటికాయలా సన్నగా చేసి స్టేపుల్ కొడతారని, ఆ కుట్టు దగ్గర లీక్ కావచ్చని నాకు విడమరిచి చెప్పినవాళ్లు లేరు. ఆపరేషన్ రోజు పొద్దున ఆరున్నరకి, గౌను వేసుకుని స్ట్రెచర్ మీద ఉండగా, ఇంగ్లీషులో ఉన్న తొమ్మిది పేజీల మీద సంతకాలు పెట్టించారు. పిల్లలకి ప్రశ్న చదవకుండా జవాబు రాయొద్దని చెప్పే టీచర్ని, నేనే చదవకుండా పెట్టాను.

మూడో రోజు డిశ్చార్జి. ఆ రోజు తెల్లవారుజాము నుంచే గుండె దడదడ. రౌండ్స్‌కి వచ్చిన జూనియర్ డాక్టర్‌కి చెప్పాను. "టెన్షన్ పడకండి మేడమ్, నడిస్తే తగ్గుతుంది" అన్నారు. ఖమ్మం చేరేసరికి ఎడమ భుజం నొప్పి. రాత్రికి జ్వరం. మర్నాడు, ఆ మర్నాడు కలిపి ఐదుసార్లు ఫోన్ చేశాం. ఐదుసార్లూ కోఆర్డినేటరే ఎత్తింది. "గ్యాస్ అండి, ప్రొటీన్ వాటర్ తాగండి." డాక్టర్‌తో మాట్లాడించలేదు. ఆరో రోజు రాత్రి చెమటలు పట్టి కళ్లు తిరిగితే, మా ఆయన ఇక వాళ్లని అడగకుండా కారులో వేరే హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. సీటీ తీస్తే లీక్. కడుపులో చీము. చీము తీసే డ్రెయిన్ గొట్టం, లీక్‌ని కప్పే స్టెంట్, 23 రోజులు, 6 లక్షల 80 వేలు.

అక్కడి డాక్టర్ గారు చెప్పిన ఒక మాట నాకు పట్టుకుంది. స్లీవ్ చేశాక గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటుంటే ముందు లీక్ ఉందేమోనని వెతకాలట, జ్వరం వచ్చేదాకా ఆగకూడదట. ఇదే మాట కాగితం మీద రాసిమ్మంటే మాత్రం నవ్వి ఊరుకున్నారు. డాక్టర్ మీద డాక్టర్ రాయరు.

కాబట్టి కాగితాలే దిక్కు. మొదటి హాస్పిటల్ డిశ్చార్జి సమ్మరీ ఒకటే ఇచ్చింది. అందులో "వైటల్స్ స్టేబుల్" అని ఉంది, అంటే పల్స్, బీపీ లాంటివి నిలకడగా ఉన్నాయని. పూర్తి కేస్ షీట్ అడిగితే లీగల్ డిపార్ట్‌మెంట్ అన్నారు, సోమవారం అన్నారు. అప్పుడు తెలిసింది, రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ మాట రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఎక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చిన నాలుగో రోజున 84 పేజీలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకునేవాళ్లు ఈ రివ్యూలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు: సమ్మరీతో ఇంటికి రాకండి, నర్సులు రాసే చార్టుతో సహా అడగండి. నా చార్టులో డిశ్చార్జి రోజు ఉదయం 6 గంటల దగ్గర పల్స్ 124 అని ఉంది. పక్కన "డ్యూటీ డాక్టర్‌కి తెలియజేయబడింది" అని కూడా.

మొదట మా తమ్ముడు పోలీస్ కేసు పెడదామన్నాడు. లాయర్ గారు ఆపారు. క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందు మరో సమర్థుడైన డాక్టర్ అభిప్రాయం కావాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పిందట. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఇచ్చాం. అది డాక్టర్ మీద చర్య తీసుకోగలదు గానీ నాకు రూపాయి ఇప్పించదు.

డబ్బు కోసం వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలిపోయింది. నాకు నచ్చిందేమిటంటే, 2019 చట్టం వచ్చాక హైదరాబాద్ తిరగక్కర్లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఖమ్మంలోనే వేశాను. మనం అడిగే పరిహారం ఎంతైనా, కమిషన్ ఫీజు మాత్రం మనం కేసు వేసిన హాస్పిటల్‌కి కట్టిన సొమ్మును బట్టి. 5 లక్షల లోపు కట్టాం కాబట్టి ఫీజు సున్నా. రెండేళ్లలోపు వేయాలి. ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటే ఈ రెండేళ్లు ఇట్టే అయిపోతాయి, నాకు స్టెంట్ తీసేసరికే నాలుగు నెలలు పోయాయి.

డాక్టర్ సాక్ష్యం లేదని నేను బెంగపడుతుంటే లాయర్ గారు మన హైదరాబాద్ కేసే ఒకటి చెప్పారు. మలేరియా శాఖలో పనిచేసే ఆయన, మలేరియా అనిపించే జ్వరంతో భార్యని ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేర్పిస్తే టైఫాయిడ్‌కి మందులిచ్చారు. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షలు ఇచ్చింది, నిపుణుడి సాక్ష్యం లేదని పైన కొట్టేశారు, 2010లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదంది. అది చదివిన రాత్రి నిద్రపోయాను.

హాస్పిటల్ జవాబు వచ్చింది. లీక్ అనేది తెలిసిన కాంప్లికేషనే, ఆమె సంతకం పెట్టింది అని. నిజమే, ఎంత మంచి చేతుల్లోనైనా లీక్ కావచ్చు. లీక్ అయినందుకు నేను కేసు వేయలేదు. 124 చూసి కూడా ఇంటికి పంపినందుకు, ఐదు ఫోన్లని గ్యాస్ అన్నందుకు వేశాను. వచ్చే వాయిదా కల్లా ఈ తేడాని మా లాయర్ గారు ఒక పేజీలో రాసిపెడతానన్నారు.

ఇప్పుడు నా బరువు 79. షుగర్ మాత్ర ఒకటే. అన్నం నాలుగు ముద్దలకి మించి పట్టదు.

ఇక ఆ ఒక్క స్టార్ సంగతి. అది హాస్పిటల్‌కి కాదు. ఆ రోజు ఉదయం 6 గంటలకి నా చెయ్యి పట్టుకుని, 124ని 124గానే రాసి కింద పొట్టి సంతకం పెట్టిన నైట్ డ్యూటీ సిస్టర్‌కి. నాకు ఆ అమ్మాయి ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు.