క్యాంటర్ ప్రమేయమా, మింకోవ్‌స్కీ ప్రశ్నార్థకమా: ప్రాజెక్టుకు ఏది మేలు?

హన్మకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివే పిల్లలు ప్రాజెక్టు గడువు దగ్గర పడంగనే అడిగే మాట ఇది: "సార్, సింగ్యులర్ ప్రమేయాల మీద చేద్దామనుకుంటున్నం. క్యాంటర్ తీసుకోవాల్నా, మింకోవ్‌స్కీ తీసుకోవాల్నా?" రెండూ అవిచ్ఛిన్నమే, రెండూ 0 నుంచి 1 దాకా పోతయి, రెండింటికీ దాదాపు అన్ని బిందువుల దగ్గరా అవకలజం సున్నా (సింగ్యులర్ అనేది ఇందుకే). మరి తేడా ఎక్కడ?

క్యాంటర్‌కున్న బలం సులువు. 0 నుంచి 1 దాకా ఉన్న అంతరంలో మధ్య మూడో వంతు, మిగిలిన ముక్కల్లోనూ మధ్య మూడో వంతు, ఇట్లా తీసేస్తూ పోతే తీసేసిన అంతరాల మొత్తం పొడవు 1, ప్రతి దాని మీదా ప్రమేయం స్థిరం. అంతటితో నిరూపణ అయిపోతుంది. గంట సెమినార్‌కు ఇంతకన్నా మంచిది దొరకదు. కానీ సమతలంగా ఉన్నచోట అవకలజం సున్నా కావడంలో ఆశ్చర్యమేముంది?

1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో మింకోవ్‌స్కీ ముందుకు తెచ్చిన ప్రశ్నార్థక ప్రమేయంలో (?(x) అని రాస్తరు కాబట్టి ఆ పేరు) సమతలమే లేదు. ఎంత చిన్న అంతరం తీసుకున్నా అది పెరుగుతనే ఉంటుంది, అయినా అవకలజం దాదాపు అంతటా సున్నా. కారణం కంటిన్యూడ్ ఫ్రాక్షన్‌లోనే ఉంది: సంఖ్యను 1/(a + 1/(b + 1/(c + …))) రూపంలో రాస్తే a, b, c… దాని పదాలు. మొదటి కొన్ని పదాలు ఒకటే అయిన సంఖ్యలన్నీ ఒక అంతరంలో ఉంటయి. ఒక్కో పదం చేరిన కొద్దీ ఆ అంతరం దాదాపు ప్రతి సంఖ్య చుట్టూ సగటున 10.7 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుందని లెవీ ఫలితం చెప్తుంది. దాని ప్రతిబింబం (ఆ అంతరంలో ప్రమేయం తీసుకునే విలువల అంతరం) పొడవు మాత్రం 2ను పదాల మొత్తమంత ఘాతానికి ఎత్తి, దాంతో 1ని భాగిస్తే వచ్చేది. పదాల సగటు దాదాపు ప్రతి సంఖ్యకూ అనంతానికి పోతుందని ఖిన్చిన్ చూపాడు. ఆ సగటు 4 దాటితే చాలు: 16 ఎక్కడ, 10.7 ఎక్కడ! ప్రతిబింబమే ముందు కరిగిపోతుంది. అయితే ఈ రెండు ఫలితాలనూ గట్టిగా వాడాలంటే ఎర్గోడిక్ సిద్ధాంతం (ఒక ప్రక్రియను మళ్లీ మళ్లీ చేస్తే దీర్ఘకాల సగటు ఏమవుతుందో చూసే శాఖ) కొంత చదవాలి. ఆ కష్టానికి సిద్ధంగా లేనివాళ్లు క్యాంటర్‌తోనే ఉండడం మంచిది.

నాకు మాత్రం తేల్చేది మరొకటి: ప్రమేయాన్ని మళ్లీ మళ్లీ వేస్తే ఏమవుతుంది? క్యాంటర్‌లో 1/4 నుంచి 1/3, అక్కడి నుంచి 1/2. అంతే. 0, 1 తప్ప ప్రతి సంఖ్యా కొన్ని అడుగుల్లోనే 1/2కు చేరి ఆగిపోతుంది.

మింకోవ్‌స్కీలో 1938 నాటి డాంజువా సూత్రంతో చేత్తోనే లెక్క కట్టొచ్చు: పదాలు a, b, c… అయితే (సంఖ్యను [0, a, b, c, …] అని రాస్తరు) విలువ 2(1/2^a − 1/2^(a+b) + 1/2^(a+b+c) − …). √2 − 1 అంటే [0, 2, 2, 2, …]. దాని విలువ 2(1/4 − 1/16 + 1/64 − …) = 2/5. వర్గమూలం ఒక్క అడుగులో అకరణీయమైంది! తర్వాత 3/8, 5/16, 31/128, అట్లా సున్నా వైపు జారుతుంది. ఇప్పుడు (√5 − 1)/2 తీసుకోండి: 2/3, 3/4, 7/8, 127/128, ఆ తర్వాత 1 − 1/2¹²⁷. లవాలు చూడండి: 2, 3, 7, 127, 2¹²⁷ − 1. అన్నీ ప్రధాన సంఖ్యలే. చివరిది ప్రధానమని లూకా 1876లో తేల్చాడు. తర్వాతి లవం ప్రధానమో కాదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఒక సంఖ్య 0కు, ఒకటి 1కి! 1/2 దగ్గరున్నవి 1/2కే పోతయి. 0కు పోయేవాటినీ 1/2కు పోయేవాటినీ విడదీసే స్థిర బిందువు (ప్రమేయం వేసినా మారని సంఖ్య) ఒకటి 0.4204 దగ్గర ఉంది. అట్లాంటిది ఉండక తప్పదని చెప్పడానికి 0, 1/2ల దగ్గర అవకలజం సున్నా అన్నది, ఇంటర్మీడియట్ వాల్యూ సిద్ధాంతం, ఈ రెండూ చాలు. ఇది నేరుగా ప్రాజెక్టులో పెట్టుకోదగ్గ నిరూపణ.

బొమ్మ బొరుసు సమానం కాని నాణేన్ని వేస్తూ పోతే వచ్చే 0, 1లను బైనరీ అంకెలుగా చదివి, వచ్చిన సంఖ్య xను దాటకుండా ఉండే సంభావ్యతను విలువగా తీసుకుని కట్టే ప్రమేయం మూడోది. ఇదీ ఎక్కడా సమతలం కాదు, నిరూపణకు సంభావ్యతలోని బృహత్ సంఖ్యల నియమం సరిపోతుంది. ప్రాబబిలిటీ ఇష్టమైనవాళ్లు చూడొచ్చు.

మింకోవ్‌స్కీ తీసుకుంటే ఒకచోట జాగ్రత్త. "సింగ్యులర్ ప్రమేయాన్ని రెండుసార్లు వేస్తే వచ్చేదీ సింగ్యులరే కదా" అని ఒక్క వాక్యంలో రాసేయకండి. ఈ ప్రమేయమూ సింగ్యులరే, దీని విలోమమూ సింగ్యులరే, కానీ రెండూ కలిపితే వచ్చేది ఇచ్చిన సంఖ్యే, దాని అవకలజం అంతటా 1. రెండోసారి వేసినప్పుడు ఏమవుతుందో విడిగా నిరూపించాల్సిందే.